అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌కి ఆరు రాత్రుల ప్రయాణం, స్కూబా డైవింగ్ కోసమే: ఏ రోజు ఏం పెట్టుకోవాలి?

కొత్తనీరు:
అందరికీ నమస్కారం. ఫిబ్రవరి రెండో వారంలో హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్, అక్కణ్ణించి హ్యావ్‌లాక్. ఆరు రాత్రులు. వచ్చేది నలుగురం: నేను, మావారు (47 ఏళ్ళు, ఈత రాదు), పన్నెండేళ్ళ బాబు, అత్తయ్యగారు (నీళ్ళలోకి దిగరు). నాకూ బాబుకీ ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మొదటి సర్టిఫికెట్ కోర్సు) చేయాలని ఉంది, ఇద్దరికీ ఈత వచ్చు. మావారికి ఒక్కసారి నీటి అడుగు చూపిస్తే చాలు. తిరుగు విమానం ఏడో రోజు పొద్దున్న 7:30కి. మొదటి రెండు రోజులు ఊరు చూసి, మూడో రోజు నుంచి కోర్సు పెట్టుకుని, ఆరో రోజు మధ్యాహ్నం పడవకి తిరిగొద్దామనుకుంటున్నాం. ఇది సరిపోతుందా? చెవుల గురించి చాలా భయపెడుతున్నారు, అదీ కాస్త వివరంగా చెప్పండి.

కడలిపిట్ట:
వరసని తిరగేయండి అమ్మా. కోర్సు ముందు, ఊరు తర్వాత. చెవి మొరాయించినా, గాలి ఎక్కువై బోటు కదలకపోయినా చేతిలో ఖాళీ రోజు ఉండాలి. కోర్సుని చివరికి నెడితే ఆ ఖాళీ ఉండదు. పైగా చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య ఉండాల్సిన గంటలు కూడా ఇరుకవుతాయి.

కోర్సు లెక్క ఇది. లోతులేని నీటిలో ఐదు అభ్యాస పాఠాలు, సముద్రంలో నాలుగు డైవ్‌లు. మొదటి రెండు డైవ్‌లు 12 మీటర్లు దాటవు, తర్వాతి రెండు 18 మీటర్ల లోపు. ఈత పరీక్ష 200 మీటర్లు, సమయ పరిమితి లేదు. మాస్కు, ఫిన్లు (కాళ్ళకి తొడిగే రెక్కలు), స్నార్కెల్ (నీటిపైన గాలి పీల్చే గొట్టం) పెట్టుకుని ఈదేట్టయితే 300 మీటర్లు. ఆపైన పది నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా నీటి మీద తేలాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ తేలడం దగ్గరే. చేతులూ కాళ్ళూ ఆడించి అలిసిపోతారు. వెల్లకిలా పడుకుని, ఊపిరితిత్తుల నిండా గాలి పట్టి, కొంచెం కొంచెంగా వదిలి మళ్ళీ నింపుకుంటే సరిపోతుంది. ఇంటి దగ్గర ఈతకొలనులో నాలుగు రోజులు అలవాటు చేసుకోండి.

పాఠాలు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో ముందే పూర్తి చేసుకుని రండి. అప్పుడు ద్వీపంలో మూడు రోజులు చాలు. లేదంటే సెలవుల్లో ఒక రోజు గదిలో వీడియోలు చూడటానికే పోతుంది. బాబుకి వచ్చేది జూనియర్ ఓపెన్ వాటర్ కార్డు. 12 నుంచి 14 ఏళ్ళ వాళ్ళు సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్ళతో కలిసి మాత్రమే డైవ్ చేయాలి. మీరిద్దరూ ఒకేసారి కోర్సు పూర్తి చేస్తే ఆ పెద్దవాళ్ళు మీరే అవుతారు.

జంగ్లీఘాట్_వాసి:
నేను ద్వీపం సంగతి చెప్తాను, డైవింగ్ మిగతావాళ్ళు చూసుకుంటారు.

ఇక్కడ గడియారం మన గడియారమే గానీ పొద్దు ముందు పొడుస్తుంది. ఫిబ్రవరిలో ఆరుకల్లా పూర్తిగా తెల్లారిపోయి ఉంటుంది, సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు దిగిపోతాడు. అందుకే డైవ్ బోట్లు పొద్దున్న ఆరు, ఆరున్నరకే బయల్దేరతాయి. హైదరాబాద్ అలవాటులో పదకొండుకి పడుకుంటే మర్నాడు కష్టం. రాత్రి తొమ్మిదికి పక్క ఎక్కేయండి.

పడవల విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. ప్రైవేటు పడవలు హాడ్డో జెట్టీ నుంచి, ప్రభుత్వ పడవలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి. టికెట్ మీద ఏ జెట్టీ రాసుందో చూసి ఆటో ఎక్కండి. టికెట్ మీద హ్యావ్‌లాక్ అని కాకుండా స్వరాజ్ ద్వీప్ అని కనిపిస్తే కంగారు పడకండి, 2018 డిసెంబరులో పెట్టిన పేరు అది. పోర్ట్ బ్లెయిర్‌కి కూడా 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అన్నది అధికారిక పేరు. ప్రైవేటు పడవలో ప్రయాణం సుమారు గంటన్నర, ప్రభుత్వ పడవలో ఇంకా ఎక్కువ. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు అసలుది నలుగురి దగ్గరా ఉండాలి. విమానం దిగే సమయానికీ పడవకీ మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి.

బస మూడో నంబరు, ఐదో నంబరు బీచ్‌ల వైపు చూసుకోండి. డైవ్ షాపులు ఎక్కువగా అటే ఉన్నాయి. ఒక్కటే లోటు. అది తూర్పు తీరం, ఆటు సమయంలో నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి రాళ్ళు, చచ్చిన పగడపు ముక్కలు తేలతాయి. ఈత పోటు మీదే. అత్తయ్యగారికి పొద్దున్న నీడలో కూర్చోడానికి అది బాగుంటుంది. సాయంత్రం రాధానగర్ తీసుకెళ్ళండి. పడమటి వైపు, జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్ల లోపే, మెత్తటి ఇసక, సూర్యాస్తమయం ఎదురుగా. బస్సు ఉంది, ఆటో ఉంది. అక్కడ మొసళ్ళ హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు. 2010లో ఆ పక్కనున్న నీల్స్ కోవ్ దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపింది. లైఫ్‌గార్డులు చూపించిన హద్దులోనే దిగాలి. చీకటి పడ్డాక, వాగు సముద్రంలో కలిసే చోట అస్సలు వద్దు.

నగదు దగ్గర ఉంచుకోండి. ఏటీఎంలు కొద్దిగానే ఉన్నాయి, సెలవుల రద్దీలో ఖాళీ అయిపోతాయి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక నెట్ చాలా నయం గానీ, చెల్లింపులన్నీ ఫోన్ మీదే పెట్టుకోవద్దు.

కొత్తనీరు:
చాలా థాంక్సండీ. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు దొరుకుతారా? అత్తయ్యగారికి హిందీ రాదు.

జంగ్లీఘాట్_వాసి:
పోర్ట్ బ్లెయిర్‌లో బెంగేమీ లేదు. మా జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు బోలెడు. చేపల బజారులో బేరం తెలుగులోనే నడుస్తుంది. హ్యావ్‌లాక్‌లో మాత్రం స్థిరపడ్డవాళ్ళు ఎక్కువగా బెంగాలీలు. భోజనం కూడా అదే తీరు: అన్నం, పప్పు, ఆవనూనెలో వేయించిన చేప. ఆవనూనె వాసన పడకపోతే ముందే చెప్తే వేరే నూనెతో చేసిస్తారు. ఊరగాయ సీసా ఒకటి తెచ్చుకోమనండి.

ఈఎన్‌టీ_విశాఖ:
చెవుల గురించి వివరంగా అన్నారు కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

కర్ణభేరి వెనక గాలి నిండిన చిన్న గది ఉంటుంది. దాన్ని గొంతు వెనక భాగంతో కలిపేది యూస్టాషియన్ నాళం. మామూలుగా మూసుకుని ఉండి, మింగినప్పుడు, ఆవలించినప్పుడు క్షణం తెరుచుకుంటుంది. నీటిలో దిగేకొద్దీ బయటి ఒత్తిడి పెరిగి కర్ణభేరి లోపలికి వంగుతుంది. గదిలోకి గాలి పంపితే సమం అవుతుంది. పంపకుండా దిగుతూ పోతే, దాదాపు నాలుగడుగుల లోతు తేడాకే నాళం చివర ఒత్తిడికి అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఎంత ఊదినా తెరుచుకోదు. కొత్తవాళ్ళలో చెవి దెబ్బ తినేవాళ్ళు ఎక్కువమంది ఇక్కడే దెబ్బ తింటారు: నొప్పి వచ్చేదాకా ఆగి, నొప్పి వచ్చాక గట్టిగా ఊదుతారు. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

పద్ధతి. నీటిపైన ఉండగానే ఒకసారి సమం చేయండి. దిగడం మొదలయ్యాక ప్రతి అరమీటరుకీ ఒకసారి, మొదటి ఐదారు మీటర్లు అలాగే. లోతు పెరిగేకొద్దీ అంత తరచుగా అక్కర్లేదు. ఎందుకంటే పైనుంచి 10 మీటర్లకి ఒత్తిడి రెట్టింపవుతుంది, 10 నుంచి 20కి పెరిగేది సగమే. ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం వల్సల్వా. ముక్కు మూసుకుని గుటక వేయడం టోయిన్‌బీ. రెండూ కలిపి చేస్తే ఎక్కువమందికి బాగా తెరుచుకుంటుంది. ఊదడం అంటే ముక్కు చీదినంత కాదు, అద్దం మీద ఆవిరి పట్టించేంత. కాళ్ళు కిందికి ఉండేట్టు తాడు పట్టుకుని దిగండి. తలకిందులుగా దిగితే నాళం దగ్గర రక్తం చేరి ఉబ్బుతుంది.

తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించాలి. రెండు మూడుసార్లకీ కాకపోతే ఆ డైవ్ అంతటితో ఆపేయాలి. బలంగా ఊదితే లోపలి చెవి పొర చిరిగే ప్రమాదం ఉంది. అలా జరిగితే తల తిరగడం, వినికిడి తగ్గడం, చెవిలో హోరు వస్తాయి, కొందరిలో వినికిడి పూర్తిగా తిరిగి రాదు. డైవ్ తర్వాత ఈ మూడింట్లో ఏదున్నా మర్నాడు దిగకూడదు, డాక్టరుని చూడాలి.

పిల్లల్లో ఈ నాళం సన్నగా ఉంటుంది. బాబు పక్కన ఉండే ఇన్‌స్ట్రక్టర్‌కి ముందే చెప్పండి: తొందర పెట్టొద్దని, వేలితో చెవి చూపిస్తే అక్కడే ఆగాలని. ఇంటి దగ్గర ఈ వారం నుంచి రోజుకి పదిసార్లు ముక్కు మూసి గుటక వేయించండి. రెండు చెవుల్లోనూ చిన్న టిక్ శబ్దం వినిపిస్తే నాళం తెరుచుకున్నట్టే. ఒకవైపే వినిపిస్తే రెండో చెవి ఉన్న వైపు మెడ కొంచెం సాగదీసి చేయమనండి.

ఓరుగల్లు_అల:
జలుబు ఉంటె ముక్కులో చుక్కలు వేసుకుని దిగొచ్చు కద సార్? బోటు మీద శానమంది గట్లనే చేస్తరు.

ఈఎన్‌టీ_విశాఖ:
చేస్తారు, కానీ చేయకూడదు. ఆక్సీమెటజోలిన్ లాంటి చుక్కలు ఉబ్బుని కొన్ని గంటలే అణుస్తాయి. అడుగున ఉండగా ప్రభావం తగ్గితే, పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే గాలికి దారి ఉండదు. దిగేటప్పుడు నొప్పి వస్తే పైకి రావచ్చు, పైకి వచ్చేటప్పుడు బిగుసుకుంటే ట్యాంకులో గాలి ఉన్నంత సేపే మీకు వ్యవధి. రోజుల తరబడి వేస్తే ఉబ్బు ఇంకా పెరుగుతుంది కూడా. పడిశం పట్టిన రోజు డైవ్ లేదు, అంతే. కడలిపిట్ట గారు ఖాళీ రోజు ఉంచమన్నది ఇందుకే.

ఇంకొకటి. రోజూ నాలుగైదు గంటలు తడిలో ఉంటే చెవి దారిలో చర్మం నాని, దురద పెట్టి, చీము పడుతుంది. చెవి కొస పట్టుకుని లాగితే నొప్పి వస్తే అది ఇదే, కర్ణభేరి వెనక సమస్య కాదు. బోటు ఎక్కగానే మంచినీళ్ళతో చెవి కడుక్కోండి, తల వంచి నీరు కారనివ్వండి, తువ్వాలు అంచుతో బయట మాత్రమే తుడవండి. చెవిలో తిప్పే దూది పుల్లలు సంచిలోనే పెట్టుకోవద్దు. కర్ణభేరికి చిల్లు లేదని తెలిసినవాళ్ళు తెల్ల వెనిగర్, సర్జికల్ స్పిరిట్ సమపాళ్ళలో కలిపి నాలుగు చుక్కలు వేసుకోవచ్చు.

కడలిపిట్ట:
డాక్టరుగారి మాట మీద ఆరోగ్య పత్రం సంగతి. కోర్సుకైనా, ఒక్క పరిచయ డైవ్‌కైనా ముందు ఆ పత్రం నింపాలి. మొదటి పేజీలో పది ప్రశ్నలు ఉంటాయి. ఆస్తమా, గుండె, మూర్ఛ, చెవి ఆపరేషన్లు, వాడే మందులు, ఇలా. మీవారికి 45 దాటాయి కాబట్టి ఆ ప్రశ్నకి అవును అని రాసి, రెండో పేజీలో పొగతాగడం, కొలెస్ట్రాల్, రక్తపోటు లాంటి అదనపు ప్రశ్నలకి జవాబివ్వాలి. అందులో ఒక్కదానికి అవును వచ్చినా డాక్టరు సంతకం తప్పనిసరి. ఆ పత్రం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. హైదరాబాద్‌లోనే సంతకం పెట్టించుకుని రండి. ద్వీపంలో బోటెక్కే రోజు పొద్దున్న డాక్టరు కోసం పరిగెత్తాల్సి వస్తే ఆ రోజు గోవిందా. బీపీ మాత్ర వేసుకుంటూ దాన్ని దాచి రాసేవాళ్ళు ఉన్నారు, దయచేసి అలా చేయకండి.

మీవారికి సరిపోయేది పరిచయ డైవ్. ఈత అవసరం లేదు. రెండో నంబరు బీచ్ దగ్గర నీమో రీఫ్‌లో ఒడ్డు నుంచే నడిచి దిగుతారు. నడుం లోతులో అరగంట మూడు పనులు నేర్పుతారు: నోట్లోంచి రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) జారితే వెతికి పెట్టుకోవడం, మాస్కులో చేరిన నీటిని ముక్కుతో ఊది పంపడం, చెవులు సమం చేయడం. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి ట్యాంకు పట్టుకునే తీసుకెళ్తారు. పరిమితి 12 మీటర్లు, అక్కడ చాలావరకు అంత లోతుకి వెళ్ళే పనే ఉండదు. ఈత రానివాళ్ళకి భయం నీటి అడుగున కాదు, నీటి పైన. కాబట్టి పైకి వచ్చినప్పుడు ముందు బీసీడీలో (గాలి నింపితే తేల్చే, ట్యాంకు తగిలించిన జాకెట్‌లో) గాలి నింపేదాకా రెగ్యులేటర్ నోట్లోంచి తీయకూడదని ఆయనకి పదేపదే చెప్పండి.

సమయం ఆటుపోట్లని బట్టి మారుతుంది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందుకని ఫలానా రోజు ఎనిమిదికే కావాలని పట్టుబట్టకుండా, ఆ వారంలో పోటు పొద్దున్నపూట పడే రోజు ఏదని షాపు వాళ్ళని అడగండి.

గాలిబుడగ:
కోర్సులో నేర్పుతారు గానీ ముందే లెక్క తెలిస్తే కంగారు తగ్గుతుంది. అక్కడ ఇచ్చే అల్యూమినియం ట్యాంకు పరిమాణం 11.1 లీటర్లు, 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత, నీటిపైన గాలి ఒత్తిడి సుమారు 1 బార్) వరకు నింపుతారు. అంటే సుమారు 2,200 లీటర్ల గాలి. అందులో 50 బార్ ముట్టుకోకూడని నిల్వ. మిగిలిన 150 బార్ అంటే సుమారు 1,665 లీటర్లు.

కొత్తవాళ్ళు నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తారనుకుందాం. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి 2 బార్, కాబట్టి నిమిషానికి 40 లీటర్లు. 1,665ని 40తో భాగిస్తే 41 నిమిషాలు. 18 మీటర్ల దగ్గర 2.8 బార్, నిమిషానికి 56 లీటర్లు, అప్పుడు అరగంటకి కొంచెం తక్కువ. దిగడం, ఎక్కడం ఇందులో కలపలేదు. మీ గేజ్ 100 బార్ చూపగానే చెయ్యి ఎత్తి గైడ్‌కి చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. గాలి త్వరగా అయిపోవడానికి పెద్ద కారణం చేతులతో ఈదడం. రెండోది ఎక్కువ బరువులు.

బరువుల గురించి కాస్త పట్టుదలగా చెప్తాను. తొందరలో కొందరు కొత్తవాళ్ళకి ఏడెనిమిది కిలోలు కట్టేస్తారు, మునగడం సులువని. అడుగున ఆ బరువుని మోయడానికి బీసీడీలో గాలి నింపాలి. ఆ గాలి లోతుతో పాటు కుంచించుకుంటూ, వ్యాకోచిస్తూ ఉంటుంది. అందుకే కొత్తవాళ్ళు బంతిలా పైకీ కిందికీ పోతారు, పగడాల మీద పడతారు. సరైన పరీక్ష ఇది: బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, మామూలు ఊపిరి బిగపట్టి నిటారుగా ఉంటే నీరు కళ్ళ మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అయితే నిండు ట్యాంకులో గాలి బరువే రెండున్నర కిలోల పైన ఉంటుంది, డైవ్ చివరికి అందులో చాలావరకు పోతుంది. కాబట్టి ఈ పరీక్ష డైవ్ అయ్యాక, 50 బార్ మిగిలినప్పుడు చేస్తేనే సరైన లెక్క. నిండు ట్యాంకుతో చేస్తే రెండు కిలోలు కలుపుకోండి. మూడు మిల్లీమీటర్ల మందమున్న రబ్బరు వెట్‌సూట్‌లో అరవై కిలోల మనిషికి నాలుగైదు కిలోలతో మొదలుపెట్టి, ప్రతి డైవ్‌కీ ఒక్కో కిలో తగ్గించి చూసుకోవచ్చు. అభ్యాసం మంచినీటి కొలనులో చేస్తే ఆ లెక్క సముద్రంలో పనికిరాదు. ఉప్పునీటిలో రెండు కిలోల పైన కలపాలి.

ఓరుగల్లు_అల:
మాస్కు ముచ్చట నేను చెప్త. అన్ని సామాన్లు కిరాయికి తీసుకోండి, మాస్కు మాత్రం సొంతంగ కొనుక్కోవాలె. పట్టీ లేకుంట ముఖానికి ఆనించి ముక్కుతోని మెల్లగ గాలి గుంజాలె. చేతులు తీసినా పడకుంట ఉంటె అది మీ ముఖానికి సరిపోయినట్టు. కొత్త మాస్కు అద్దం లోపల సిలికాన్ పొర ఉంటది, అందుకే ఎంత ఉమ్మినా మసక పోదు. తెల్ల టూత్‌పేస్ట్, జెల్ కానిది, వేలితో అద్దం మొత్తం రుద్ది కడగాలె. ఒక్కసారి సరిపోదు, నాలుగైదుసార్లు చెయ్యాలె. బోటు మీద పిల్లల షాంపూ ఒక్క చుక్క రాసి నీళ్ళతోని ఒకసారి తొలిపితే చాలు.

మీసం ఉన్నోళ్ళకు ముక్కు కింద నుంచి నీరు కారుతది. మీసం మొత్తం తీసే పని లేదు, ముక్కు కింద సన్నగ ఒక గీత కత్తిరిస్తె సిలికాన్ అంచు చర్మానికి తగుల్తది.

కళ్ళద్దాలుంటె పవర్ చీటీ పంపించి పవర్ అద్దాల మాస్కు ఉన్నదా అని ముందే అడగండి. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు కూడ నడుస్తయి, కానీ మాస్కు తీసే అభ్యాసంల కళ్ళు మూసుకునుండాలె.

కడలిపిట్ట:
ఆడవాళ్ళకి ఎవరూ ముందుగా చెప్పని కొన్ని. ముక్కుపుడక మాస్కు ముక్కు భాగంలో ఉండిపోతుంది, చెవులు సమం చేయడానికి ముక్కు నొక్కిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది. తీసేయండి, తీయలేకపోతే బల్లపరుపుగా ఉండేది పెట్టుకోండి. మెట్టెలు ఫిన్ లోపల ఒరుసుకుని పుండు చేస్తాయి. గాజులు వెట్‌సూట్ చేతిలో ఇరుక్కుంటాయి. గొలుసులు, తాళి బయట వేలాడకుండా సూట్ లోపల ఉండాలి, లేదంటే గదిలో భద్రం చేయాలి. జుట్టు బిగుతుగా ఒకే జడ అల్లి, నుదుటి మీది వెంట్రుకలు పట్టీతో వెనక్కి తీసుకోండి. మాస్కు అంచు కింద ఒక్క వెంట్రుక పడ్డా నీరు కారుతూనే ఉంటుంది. ఆ పొద్దున్న తలకి నూనె పెట్టకండి, మాస్కు జారుతుంది. సూట్ లోపల నిండు చేతుల లైక్రా చొక్కా, లెగ్గింగ్ వేసుకుంటే సూట్ తొడగడమూ తేలిక, రాపిడి దద్దుర్లూ రావు.

దిగేటప్పుడు మాస్కులోకి ముక్కుతో కొంచెం గాలి వదులుతూ ఉండాలి. మర్చిపోతే మాస్కు ముఖాన్ని పిండుతుంది, సాయంత్రానికి కళ్ళు ఎర్రగా నెత్తురు కమ్మి ఉంటాయి. ఈతకొలనులో వాడే కళ్ళద్దాలతో లోతుకి దిగకూడదనేది అందుకే, వాటిలోకి గాలి పంపే దారి లేదు.

నీలికన్ను:
కెమెరా గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెప్పేస్తా. కోర్సు డైవ్‌లలో తీసుకెళ్ళనివ్వరు, అడగకండి. తర్వాత దానికి: గోప్రో లాంటివి కేసు లేకుండా 10 మీటర్ల వరకే. కేసు మూత చుట్టూ ఉండే రబ్బరు వలయం మీద ఒక్క ఇసక రేణువు, ఒక్క వెంట్రుక ఉన్నా కెమెరా పోయినట్టే. ముందు రాత్రి ఏసీ గదిలో, పొడి చేతులతో మూసి పెట్టుకోండి. బోటు మీద తేమ గాలిలో మూస్తే లోపల ఆవిరి పట్టి అద్దం మసకబారుతుంది. సిలికా జెల్ పొట్లం లోపల పెట్టండి. ఎరుపు రంగు మొదటి ఐదారు మీటర్లలోనే చాలావరకు మాయమవుతుంది. ఎర్ర ఫిల్టర్ కావాలి, లేదా తీసేదానికి రెండడుగుల దగ్గరికి వెళ్ళి లైటు వేసి తీయాలి. బ్యాటరీలు, పవర్ బ్యాంకు విమానంలో చేతి సంచిలోనే.

కొత్తనీరు:
బోటు మీద వాంతుల సంగతి కూడా చెప్పండి. బాబుకి బస్సులోనే తిరుగుతుంది.

జంగ్లీఘాట్_వాసి:
పడవలో, బోటులో రెండిట్లోనూ మధ్య భాగంలో, వెనక వైపుకి కూర్చోబెట్టండి. చూపు ఫోన్ మీద కాకుండా దూరంగా ఆకాశం నీటిని తాకే గీత మీద ఉండాలి. డీజిల్ పొగ తగలని వైపు చూసుకోండి. ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. బయల్దేరే గంట ముందు అరటిపండు, రొట్టె ముక్క, అల్లం టీ. పూరీ కూర, గుడ్డు వేపుడు తిరిగొచ్చాక.

ఈఎన్‌టీ_విశాఖ:
మాత్ర వాంతి వచ్చాక వేస్తే పనిచేయదు, కనీసం గంట ముందు పడాలి. అవోమిన్ లాంటివి బాగా నిద్ర తెప్పిస్తాయి. డైవ్ చేసే మనిషికి ఆ మత్తు మంచిది కాదు. మెక్లిజిన్ రకం కొంత తక్కువ. ఏది వేసినా ఇంటి దగ్గర ఒక రోజు వేసి, ఎంత మగతగా ఉంటుందో చూసుకుని రావాలి. బాబుకి మోతాదు మీ పిల్లల డాక్టరు చెప్పినదే. నీటి అడుగున వాంతి వస్తే రెగ్యులేటర్ తీయకుండా దానిలోకే కక్కి, గుండీ నొక్కి శుభ్రం చేసుకోవచ్చు. అది నిజంగానే పనిచేస్తుంది, బాబుకి ముందే చెప్పి ఉంచండి. వాంతులైతే నీళ్ళు తగ్గుతాయి, నీళ్ళు తగ్గితే డైవ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడం కష్టం. డైవ్‌కీ డైవ్‌కీ మధ్య కొబ్బరిబోండం, ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్, ఏది దొరికితే అది.

గాలిబుడగ:
నీటిలో ఏం ముట్టుకోవద్దో రెండు మాటలు. పగడాలు, సముద్ర దోసకాయలు, నీటిగుర్రాలు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నవి. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడపు ముక్క అయినా సంచిలో పెట్టుకోవద్దు, విమానాశ్రయం తనిఖీలో పట్టుకుంటారు. 2010 వేసవిలో నీరు వేడెక్కి అక్కడి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చిపోయాయి, తేరుకుంటున్న చోట ఒక్క ఫిన్ దెబ్బ కూడా ఎక్కువే.

టైటన్ ట్రిగ్గర్ అని పసుపు, నలుపు కలిసిన పెద్ద చేప ఉంటుంది. గూడు కాపలా కాసేటప్పుడు కొరుకుతుంది. దాని హద్దు గూడు నుంచి పైకి వెడల్పయ్యే గరాటులా ఉంటుందని గుర్తుంచుకోండి. పైకి పోతే వెంబడిస్తుంది, పక్కకి ఈదుకుంటూ వెళ్ళాలి, ఫిన్లు దాని వైపు ఉంచి.

ఈఎన్‌టీ_విశాఖ:
సింహం చేప, రాతి చేప ముళ్ళు గుచ్చుకుంటే చెయ్యి భరించగలిగినంత వేడి నీళ్ళు, 45 డిగ్రీలకి మించకుండా, అరగంట నుంచి గంటన్నర. మరో చేత్తో వేడి చూసుకుని పోయాలి, గుచ్చుకున్న చోట తెలియక కాలిపోతుంది. పగడం గీసుకుంటే సబ్బుతో రుద్ది కడిగి పోవిడోన్ అయోడిన్. పైకి చిన్నదిగా కనిపించినా లోపల ముక్కలు ఉండిపోతే వారాలు మానదు.

ఇసక ఈగలు కూడా ఉన్నాయి. సాయంత్రం తడి ఇసక మీద చాప లేకుండా కూర్చోవద్దు. కాళ్ళకి కొబ్బరినూనె మందంగా పట్టిస్తే కుట్టడం తగ్గుతుంది. గోకితే చీము పడుతుంది.

కొత్తనీరు:
మీరు చెప్పిన ప్రకారం మార్చి రాశాను, చూడండి.
మొదటి రోజు: విమానం, మధ్యాహ్నం పడవ, సాయంత్రం షాపుకి వెళ్ళి పత్రాలు, సామాన్ల కొలతలు.
రెండో రోజు: ఐదు అభ్యాస పాఠాలు.
మూడో రోజు: డైవ్ 1, 2. సాయంత్రం అందరం రాధానగర్.
నాలుగో రోజు: డైవ్ 3, 4. పోటు కుదిరితే అదే రోజు మావారి పరిచయ డైవ్.
ఐదో రోజు: ఖాళీ. అన్నీ సవ్యంగా ఉంటే నేను, బాబు ఒక్క సరదా డైవ్.
ఆరో రోజు: పొద్దున్న ఒక డైవ్, మధ్యాహ్నం పడవ, రాత్రి పోర్ట్ బ్లెయిర్.
ఏడో రోజు: 7:30 విమానం.

కడలిపిట్ట:
ఆరో రోజు డైవ్ తీసేయండి. ఒక్క డైవ్ మాత్రమే చేసినవాళ్ళకి విమానానికి ముందు కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేసినవాళ్ళకి కనీసం 18 గంటలు విరామం ఉండాలి. మీరు రెండో రకం. పొద్దున్న పదకొండుకి నీటిలోంచి బయటపడితే విమానానికి ఇరవై గంటల పైన ఉంటుంది, కాగితం మీద సరిపోతుంది. కానీ ఆ పొద్దున్న బోటు ఆలస్యంగా వస్తే మధ్యాహ్నం పడవ తప్పుతుంది, తడి సామాన్లతో జెట్టీకి పరుగు. 18 అన్నది కనీసం మాత్రమే, 24 ఉంటే మంచిది. పడవ ప్రయాణం ఈ లెక్కలోకి రాదు, అది సముద్ర మట్టం మీదే.

ఐదో రోజు సరదా డైవ్‌కి ద వాల్ గానీ, లైట్‌హౌస్ గానీ అనే డైవ్ చోట్లు అడగండి. జాన్నీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ పేర్లు ఎక్కువ వినిపిస్తాయి, కానీ అవి లోతైనవి, ప్రవాహం ఉండేవి, కొత్త కార్డు చేతికొచ్చిన వాళ్ళకి కావు. ప్రతి డైవ్ చివరా 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం మానొద్దు, గైడ్ తొందర పెట్టినా. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లకి మించొద్దు.

ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టిన లక్షణాలు, అంటే కీళ్ళ నొప్పి, తిమ్మిరి, అసాధారణమైన నీరసం, డైవ్ అయిన రోజు రాత్రి వచ్చినా సరే, పొద్దున్న చూద్దాం అనుకోకుండా షాపు వాళ్ళకి ఫోన్ చేయండి. ముందు కావాల్సింది నూరు శాతం ఆక్సిజన్. ద్వీపంలో ఉన్నది ప్రాథమిక స్థాయి వైద్యమే. కాబట్టి మొదటి రోజు సాయంత్రమే బోటులో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, ఎన్ని నిమిషాలకి సరిపోతుంది, అవసరమైతే ద్వీపం దాటించే ఏర్పాటు ఏమిటి అని మూడు ప్రశ్నలు అడగండి. సూటిగా జవాబు చెప్పలేని షాపులో డబ్బు కట్టకండి.

కొత్తనీరు:
ఆరో రోజు డైవ్ తీసేశాను. ఆ పొద్దున్న అత్తయ్యగారితో కాలాపత్తర్ బీచ్ పెట్టుకున్నాం. మావారి బీపీ మాత్ర సంగతి రాయలేదు ఇందాక, రేపే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

కడలిపిట్ట:
డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పత్రంలో చివరి పేజీ కూడా ప్రింట్ తీసుకెళ్ళండి. డాక్టరు సంతకం పెట్టాల్సింది దాని మీద, మామూలు చీటీ మీద రాసిస్తే షాపు ఒప్పుకోదు. పరీక్ష కాగితాల ఫోటోలు ఫోన్‌లో ఉంచుకోండి.